ఫారంలో రాసిన బొంకు

2020 డిసెంబరులో నేనొక బొంకు రాశాను. నోటిమాటగా ఆడింది కాదు. ఫారంలో రాసి, ఇందులో ఉన్నదంతా సత్యమని ఒప్పుకుని, కింద నా పేరు పెట్టింది. పట్టుబడలేదు. శిక్షా పడలేదు. పైగా కొన్ని నెలలకు అది దానంతట అదే నిజమై కూర్చుంది. నిజమైపోయిన బొంకును ఏమనాలో నాకు ఇన్నేళ్లయినా తెలియడం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాది హోసూరు పక్క పల్లె. ఈ పత్రిక చదివేవాళ్లకు మా తావు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, సంతలో కన్నడం. ఐదో తరగతి దాకా తెలుగు బడిలో చదివాను. పెళ్లయ్యాక 2009లో మెల్బోర్న్ చేరాను, 2016లో ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నాను. అక్కడ ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తాను. వృద్ధాశ్రమం అనగానే మనవాళ్లకు దిక్కులేని ముసలివాళ్లు గుర్తుకొస్తారు. అక్కడ అట్లా కాదు. పిల్లలూ మనవలూ ఉన్నవాళ్లే వచ్చి ఉంటారు, ఆదివారాలు అందరూ వచ్చి చూసి పోతారు. వాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, వేళకు మాత్రలు ఇవ్వడం, రాత్రిపూట పక్క తిప్పి పడుకోబెట్టడం మా పని. మా అమ్మకు నేను చెయ్యవలసిన పనులన్నీ పరాయివాళ్ల అమ్మలకు చేసి జీతం తీసుకుంటున్నానని మా అన్న ఒకసారి అన్నాడు. ఎగతాళికే అన్నాడు గాని, నాకు గుచ్చుకుంది.

2020 మార్చి 20 రాత్రి 9 గంటలకు ఆస్ట్రేలియా తన తలుపులు మూసింది. పౌరులు, స్థిరనివాసులు, వాళ్ల తక్షణ కుటుంబ సభ్యులు తప్ప ఇంకెవరూ లోపలికి రాకూడదు. ఐదు రోజులకు ఇంకొక ఆజ్ఞ వచ్చింది. పౌరులు, స్థిరనివాసులు అనుమతి లేకుండా దేశం విడిచి పోనూ కూడదు. 2015లో చేసిన బయోసెక్యూరిటీ చట్టం కింద వచ్చిన ఆజ్ఞ అది. రావద్దన్న దేశాలు ఆ రోజుల్లో చాలా ఉన్నాయి. తన పౌరులనే పోవద్దన్న ప్రజాస్వామ్య దేశాలు తక్కువ.

అమ్మ ఆ ఏప్రిల్‌లో మా దగ్గరకు రావలసి ఉంది. నాయన 2019లో పోయాడు. ఆమెకు వీసా వచ్చింది, టికెట్టూ కొన్నాము. తక్షణ కుటుంబం అన్నారు గదా, తల్లి కంటే తక్షణం ఎవరుంటారని ధైర్యంగానే నిబంధనలు తీసి చూశాను. భార్య లేక భర్త, పెళ్లి లేకుండా కలిసి ఉండే తోడు, మన మీద ఆధారపడిన పిల్లలు, చట్టప్రకారం సంరక్షకులు. అంతే. తల్లీ తండ్రీ అందులో లేరు. రెండుసార్లు చదివాను, ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉన్నారేమోనని.

ఫోనులో ఈ మాట చెబితే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అయితే నేను నీకు ఏమవుతానంట?” అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

ఇక్కడ ఆగి ఇంకొక పక్క చెప్పాలి. చెప్పకపోతే నేను ఆ దేశాన్ని తిట్టడానికే ఇది రాస్తున్నాననుకుంటారు. 2020 జూలైలో మెల్బోర్న్‌లో జబ్బు రెండోసారి విజృంభించింది. నూట పది రోజులకు పైగా ఊరంతా ఇళ్లలో ఉంది. ఆగస్టు 2 నుంచి రాత్రి 8 మొదలు తెల్లవారి 5 దాకా కర్ఫ్యూ. ఇంటి నుంచి 5 కిలోమీటర్లు దాటకూడదు. ఆ ఏడాది ముగిసేసరికి దేశం మొత్తం మీద కోవిడ్‌తో పోయినవాళ్లు 909 మంది. అంత పెద్ద దేశానికి అది ఎంత చిన్న అంకెనో, ఆ సంవత్సరం మన దగ్గర జరిగినది చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. అయితే ఆ 909లో నాలుగింట మూడు వంతులు వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లు. అంటే నా పని చోటు లాంటి చోట్లలో.

మా ఆశ్రమంలోనూ పోయారు. తలనుంచి కాళ్లదాకా ప్లాస్టిక్ తొడుక్కుని, కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా మేము గదుల్లోకి పోయేవాళ్లం. ఇటలీ నుంచి చిన్నప్పుడు వచ్చిన ఒక ముసలమ్మ ఉండేది. మతిమరుపు ముదిరి ఇంగ్లీషు మొత్తం మరచిపోయింది. మిగిలింది పుట్టిన ఊరి భాష ఒకటే. అరవై ఏళ్లు మాట్లాడిన భాష పోయి, అమ్మ ఒడిలో నేర్చుకున్నది మిగలడం ఆశ్రమాల్లో పని చేసేవాళ్లం తరచూ చూస్తాము. ఆమె ఏదో అడిగేది. నాకు ఆ భాష రాదు. ఇంగ్లీషులో జవాబిస్తే బెదిరిపోయేది. అందుకని నేను తెలుగులో మాట్లాడేదాన్ని. “ఇదో వస్తాడమ్మా, నీ కొడుకు వస్తాడు” అనేదాన్ని. ఆమెకు అర్థం కాదని తెలుసు. అయినా గొంతు నెమ్మదించేది.

ఆమె కొడుకు రోజూ వచ్చి గేటు బయట నిలబడేవాడు. అరవై ఏళ్ల మనిషి. లోపలికి ఎవరినీ రానివ్వకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. అవసాన దశ అని రాసి ఉంటే దగ్గరివాళ్లు ఒకరు రావచ్చు. ఆమెకు అప్పటికి జ్వరం ఉంది గాని పెద్ద నర్సు ఆ మాట రాయలేదు. ఆ రోజు గేటు దగ్గర నేనున్నాను. ఆయన నాతో, “పోతుందని రాయించు. నీకేం పోతుంది? నువ్వూ ఒక తల్లికి కూతురివే గదా” అన్నాడు. రాయడం నా అధికారం కాదన్నాను. అది నిజమే. కానీ నర్సు దగ్గరకు పోయి అడగవచ్చు, నేను అడగలేదు. లోపల ఇంకా ముప్పైమంది ఉన్నారు, ఈయన వస్తే ఇంకొకరు వస్తారు, ఎవరితో ఏది వస్తుందో తెలియదు అనుకున్నాను. నేను చేసింది సరైన పనేనన్న నమ్మకంతో లోపలికి వచ్చాను. మూడో రోజు తెల్లవారుజామున ఆమె నిద్రలోనే పోయింది. ఆయన చూడలేదు.

ఆ సెప్టెంబరులోనే మా అమ్మకు మూత్రపిండాలు చెడిపోయాయని తేలింది. హోసూరులో వారానికి మూడుసార్లు డయాలసిస్. అన్న స్కూటరు మీద తీసుకుపోయేవాడు. నేను బయటికి పోవడానికి అర్జీ పెట్టాను.

అర్జీకి కారణాల జాబితా ఉంది. కోవిడ్ సహాయక పని, ముఖ్యమైన పరిశ్రమలూ వ్యాపారాలూ, అక్కడ దొరకని వైద్యం, తప్పించుకోలేని సొంత పని, దేశ ప్రయోజనం, మానవతా కారణాలు. నాది చివరిది. దానికి సాక్ష్యం కావాలి. జబ్బుకు సాక్ష్యం, ఆమె నా తల్లి అనడానికి సాక్ష్యం. ఇంగ్లీషులో లేని కాగితం ప్రతిదాన్నీ అధికారికంగా అనువాదం చేయించాలి. నా పుట్టుక పత్రం తమిళంలో ఉంది. అమ్మ పేరులో రెండు ‘గ’లున్నాయి. తమిళ లిపిలో ‘క’కూ ‘గ’కూ ఒకటే అక్షరమని మన పాఠకులకు తెలుసు. అనువాదం చేసిన పెద్దమనిషికి మా ఇంటి పేర్లు తెలియవు. ఆయన రెండూ ‘క’లే చేసి పంపాడు. ఆస్పత్రి చీటీలో ఒక పేరు, పుట్టుక పత్రంలో ఒక పేరు. ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర ప్రమాణ పత్రం రాయించి అన్న పంపాడు. పొరుగు లిపిలో మన పేరు చెడిపోవడం మనకు కొత్త కాదు. రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో చూసి నవ్వుకుంటూనే ఉంటాము. ఆ రోజు నవ్వు రాలేదు.

అంతా చేస్తే అర్జీ తిరిగి వచ్చింది. కారణం వివరంగా చెప్పలేదు గాని నాకు అర్థమైంది. డాక్టరు చీటీలో చివరి వాక్యం, డయాలసిస్ మీద రోగి పరిస్థితి నిలకడగా ఉంది అని. నిలకడగా ఉంటే వెళ్లవలసిన తొందర ఏముంది? అన్న డాక్టరు దగ్గరకు పోయి కాస్త గట్టిగా రాయమని బతిమాలాడు. ఆయన, “నేను చూసిందే రాస్తాను. రేపు నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు నా మాట ఎవరు నమ్ముతారు?” అన్నాడట. అప్పుడు నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఈ కథ మొత్తంలో తల ఎత్తుకుని నిలబడగలిగిన మనిషి ఆయన ఒక్కడేననిపిస్తుంది.

రెండో అర్జీ కూడా నవంబరులో తిరిగి వచ్చింది. అప్పుడు తెలిసినవాళ్లు దారి చెప్పారు. బలమైన కారణంతో 3 నెలలు, లేదా అంతకు మించి బయట ఉండబోతున్నామని చూపితే అనుమతి తేలికగా వస్తుందని. నాకు అర్థమైనంతలో దాని వెనుక లెక్క ఇది. తిరిగి వచ్చిన ప్రతివాణ్ణీ హోటల్లో 14 రోజులు ఉంచాలి, గదులు తక్కువ, జూలై నుంచి వచ్చేవాళ్ల సంఖ్యకు పరిమితి కూడా పెట్టారు. ఇవాళ పోయి నెలకు తిరిగి వచ్చేవాడు ఒక గది అడుగుతాడు. దూరంగా ఉండిపోయేవాడు అడగడు. లెక్కగా చూస్తే తప్పు లేదు. అయితే మంచానపడిన తల్లిని చూసి రావాలనుకునేవాళ్లలో, ఇంట్లో భర్తనూ తొమ్మిదేళ్ల బిడ్డనూ వదిలి మూడు నెలలు ఉండగలిగేవాళ్లు ఎందరు?

నేను మూడు నెలలు ఉంటానని రాశాను. ఐదు వారాలకు తిరుగు టికెట్టు మనసులో పెట్టుకునే రాశాను. పని చోటు నుంచి మూడు నెలల సెలవు ఇచ్చినట్టు చీటీ కావాలి. మా పై ఉద్యోగి, “ఫిబ్రవరి నెలాఖరుకు నిన్ను డ్యూటీ పట్టికలో వేస్తాను” అంటూనే ఆ చీటీ మీద సంతకం పెట్టింది. నా బొంకుకు ఒక సాక్షి కూడా దొరికింది. వారంలో అనుమతి వచ్చింది.

మన పురాణాల్లో ఈ విషయం కొత్తది కాదు. వామనుడు దానం అడిగినప్పుడు శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి, ఎక్కడెక్కడ బొంకినా పాపం లేదో ఏకరువు పెడతాడు. పెళ్లి మాటలు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పరువు పోయేటప్పుడు, అట్లా ఒక పట్టిక. అదీ మినహాయింపుల జాబితానే. విచిత్రమేమంటే ఆ జాబితాలోనూ తల్లి లేదు. బలి ఆ సదుపాయాన్ని వాడుకోలేదు. నేను వాడుకున్నాను. దానికి నేను అప్పట్లో చెప్పుకున్న సమాధానం, ఫారం మనిషి కాదు గదా అని. మనిషి ముఖం చూసి బొంకితే అది మోసం. యంత్రం అడిగిన తప్పు ప్రశ్నకు తప్పు జవాబు ఇస్తే చెల్లుకు చెల్లు. నీ తల్లి నీకు కావాలా అని అది అడిగి ఉంటే నేను నిజమే చెప్పేదాన్ని. అది అడిగింది ఎన్ని రోజులు అని.

ఈ వాదంలో బలం లేకపోలేదు. ముఖ్యంగా ఆ జనవరిలో జరిగినది చూసినవాళ్లకు. విదేశాల్లో చిక్కుకుని ఇంటికి రావాలని పేరు రాయించుకున్న ఆస్ట్రేలియన్లు దాదాపు 40 వేలమంది ఉన్న సమయంలో, మెల్బోర్న్ టెన్నిస్ పోటీకి 1,200 మంది ఆటగాళ్లూ సిబ్బందీ ప్రత్యేక విమానాల్లో దిగారు. వాళ్లూ క్వారంటీన్‌లో ఉన్నారు, నిజమే. కానీ వాళ్లకు గదులు దొరికాయి. రూలు ఎంత కఠినమైనా అందరికీ ఒకటేనన్న నమ్మకం ఉంటే మనిషి మోస్తాడు. ఆ నమ్మకం పోయినప్పుడు రూలులో సందులు వెతకడం మొదలుపెడతాడు.

2021 జనవరి 11న ఊరు చేరాను. వందే భారత్ విమానంలో ఢిల్లీ, అక్కడి నుంచి బెంగళూరు. దిగే ముందు ఎయిర్ సువిధలో ఇంకొక ఫారం. ఇంట్లో 14 రోజులు విడిగా ఉండమన్నారు. ఎవరూ వచ్చి చూసేవాళ్లు లేరు. వంటిల్లు దాటితే అమ్మ గది. నేను నడవ చివర గదిలో ఉండి, పొద్దునా సాయంత్రమూ ఆమె వాకిలికి ఎదురుగా దూరంగా పీట వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని కూర్చునేదాన్ని. రెండో రోజే అమ్మ, “సముద్రాలు దాటి వచ్చి గడప దాటవా? ఇక్కడ కూర్చునేదానికా వచ్చినావు?” అంది. అన్న కూడా, పోమ్మా, ఏమీ కాదు అన్నాడు. నేను పోలేదు. పదునాలుగు రోజులూ పోలేదు.

అక్కడ అంత పెద్ద బొంకు రాసి వచ్చిన దాన్ని ఇక్కడ, అడిగేవాళ్లు లేని చోట, ఈ చిన్న రూలును ఎందుకు పట్టుకున్నాను? ఈ రూలు ఎవరిని కాపాడుతుందో నా ఎదురుగా మంచం మీద కనిపిస్తోంది గనుక. ఆ రూలు కాపాడేవాళ్లు నాకు కనిపించలేదు. కనిపించలేదని వాళ్లు లేనట్టు కాదు. ఆశ్రమంలో నా చేతుల మీదుగా పోయినవాళ్లే వాళ్లు. గేటు దగ్గర నిలబడినప్పుడు వాళ్లు నాకు స్పష్టంగా కనిపించారు. నా అర్జీ రాసుకునేటప్పుడు కనిపించలేదు. చూపు అంతలో అట్లా ఎందుకు మారిపోయిందో చెప్పలేను.

ఫిబ్రవరి 16కు తిరుగు టికెట్టు. 13వ తేదీన విక్టోరియా రాష్ట్రం విదేశీ విమానాలు రానివ్వడం ఆపేసింది. క్వారంటీన్ హోటలు నుంచి జబ్బు బయటికి పాకిందని. టికెట్టు రద్దయింది. నేను ఏడ్చాను, బిడ్డను తలుచుకుని. ఫిబ్రవరి 24న అమ్మ పోయింది. పొద్దున కాఫీ రెండు గుటకలు తాగి, చాలు అని గ్లాసు నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ విమానం ఆగకపోయి ఉంటే, అది జరిగినప్పుడు నేను మెల్బోర్న్‌లో ఏదో హోటలు గదిలో ఎనిమిదో రోజు గడుపుతూ ఉండేదాన్ని. నన్ను రానివ్వని రూలే నన్ను ఆమె దగ్గర కూర్చోబెట్టింది. దీనికి ఎవరికి మొక్కుకోవాలి?

తర్వాతి టికెట్టు ఏప్రిల్ 28. అప్పటికి మన దేశంలో రెండో అల. ఏప్రిల్ 27న ఆస్ట్రేలియా భారతదేశం నుంచి విమానాలు ఆపింది. అంతటితో ఆగలేదు. మే 3 నుంచి, గత 14 రోజుల్లో భారతదేశంలో ఉన్నవాళ్లు ఆస్ట్రేలియాలో అడుగుపెడితే నేరం అన్నారు. 5 ఏళ్ల దాకా జైలు, లేదా 66,600 డాలర్ల దాకా జరిమానా. పరాయివాళ్లకు కాదు, సొంత పౌరులకు. అప్పటికి ఇక్కడ చిక్కుకున్నవాళ్లం దాదాపు 9 వేలమంది. మా ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో, బెంగళూరులో ఉండిపోయిన 73 ఏళ్ల ఆస్ట్రేలియా పెద్దమనిషి ఒకరు దాని మీద కోర్టుకు పోయారు. మే 10న కోర్టు ఆయన వాదాన్ని కొట్టేసింది. మే 15తో ఆ ఆజ్ఞ గడువు తీరింది. మా పాప ఫోనులో, “అమ్మా, నువ్వు ఇంటికి వస్తే నిన్ను జైల్లో పెడతారా?” అని అడిగింది. లేదమ్మా అని చెప్పాను. అప్పటికి అది కూడా బొంకే.

ఆ రోజుల్లో హోసూరు నుంచి అత్తిబెలె దాటి బెంగళూరు పోవడమే కష్టం. రెండు రాష్ట్రాల్లోనూ లాక్‌డౌన్. మనవాళ్లకు అంతకు ముందు ఏడాదే ఈ అనుభవం ఉంది. ఆనేకల్‌లో ఉన్న తల్లిని హోసూరులో ఉన్న కూతురు చూడాలంటే ఈ-పాస్ తీసుకోవలసి వచ్చింది. కారణం దగ్గర మూడు మాటలుండేవి, పెళ్లి, చావు, వైద్యం. ఊరికే చూడబుద్ధి అయింది అన్నది ఏ సర్కారు ఫారంలోనూ కారణం కాదు. ఆ మూడింటిలో ఏదో ఒకటి పెట్టి, అవతలి ఊళ్లో లేని పెళ్లికి పోయి వచ్చినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్లను తప్పుపట్టిన మనిషిని నేను చూడలేదు. పొలం గట్టు లాంటి సరిహద్దు, దాన్ని ఎవరు ఎందుకు గీశారో మనకు తెలుసు, అందుకని దాని రూలుకు మనం మనసులో తలవంచము. సముద్రం అవతల సరిహద్దుకు నేను నా ఇష్టంతో, చెయ్యెత్తి ప్రమాణం చేసి లోబడ్డాను. అదీ తేడా.

జూన్‌లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన విమానంలో ఢిల్లీ నుంచి డార్విన్ చేరాను. మే 15న వచ్చిన మొదటి విమానంలో 150 సీట్లకు 80 మందే రాగలిగారు. మిగిలినవాళ్లు పరీక్షలో జబ్బు ఉందని తేలి, లేదా అట్లాంటివాళ్లకు దగ్గరగా ఉన్నారని ఆగిపోయారు. నేను ఎక్కిన దానికీ ఆ పరీక్షలే. హోవర్డ్ స్ప్రింగ్స్ అని, గ్యాస్ ప్రాజెక్టు కూలీల కోసం ఎప్పుడో కట్టిన శిబిరం. చిన్న చిన్న గదులు, ప్రతిదానికీ ముందర ఒక వరండా. 14 రోజులు ఉన్నందుకు 2,500 డాలర్లు కట్టాలి. సిబ్బంది మంచివాళ్లు. వరండాలో కూర్చుని పక్క గది వాళ్లతో దూరం నుంచే మాట్లాడుకోవచ్చు. ఎక్కువమంది అమ్మానాన్నలను చూడడానికి పోయి ఇరుక్కున్నవాళ్లే. ఎట్లా అనుమతి దొరికిందని ఒకరినొకరు అడుక్కున్నాము. ముగ్గురు నాలాగే మూడు నెలలని రాశారు. ముగ్గురూ మూడు నెలలకు పైనే ఉన్నారు. అందరం నవ్వాము. సర్కారు మన బొంకును నిజం చేసి మనల్ని సత్యవంతులను చేసింది గదా అన్నాడు ఒకాయన. రాత్రి పడుకున్నాక ఆ నవ్వు అంత బాగా అనిపించలేదు.

ఎందుకంటే ఆ గదులకు లెక్క ఉంది. నేను పడుకున్న మంచం ఇంకొకరికి దొరకని మంచం. నాది నిజమైన అర్జీ కాదని తెలిసి ఉంటే ఆ అనుమతి పోయి ఉండేది. ఒకవేళ నిజం రాసి తిరస్కారం పొందినవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లు నా వెనుక వరుసలో నిలబడినవాళ్లు కాదు, ముందు నిలబడినవాళ్లు. నేను వాళ్లను దాటి పోయాను. ఫారం మనిషి కాదన్న నా వాదం ఇక్కడే చెడింది. ఫారం వెనుక గుమాస్తా ఉన్నాడని కాదు, ఆయనకు నా వల్ల వచ్చిన నష్టం లేదు. ఫారం వెనుక వరుస ఉంది.

అయితే మళ్లీ అటువంటి పరిస్థితి వస్తే రాయవా అని అడిగితే, రాయనని చెప్పలేను. గ్లాసు చేతికిచ్చిన అమ్మ చెయ్యి నాకు తెలుసు. తప్పు చేశానని ఒప్పుకోవడం, చేసినందుకు పశ్చాత్తాపం లేకపోవడం, ఈ రెండూ ఒకే మనిషిలో పక్కపక్కన ఉండవచ్చునని నాకు ముందు తెలియదు. పెద్దలు ప్రాయశ్చిత్తం అంటారు. దేనికి ప్రాయశ్చిత్తమో తేలితే గదా.

2021 నవంబరు 1 నుంచి, టీకాలు పూర్తిగా వేసుకున్న పౌరులకూ స్థిరనివాసులకూ బయటికి పోవడానికి అనుమతి అక్కరలేకుండా చేశారు. అదే రోజు నుంచి తల్లినీ తండ్రినీ తక్షణ కుటుంబంలో చేర్చారు. ఆ రెండు మాటలు ఆ జాబితాలో చేరడానికి 19 నెలలు పట్టింది. చేర్చిన రోజున ఆకాశమేమీ కూలలేదు. అంటే ముందే చేర్చి ఉండవచ్చునేమో. ఏమో, అప్పటికి టీకాలు వచ్చాయి, లెక్క మారింది. నేను న్యాయమూర్తిని కాదు.

ఆ ఇటలీ అమ్మ కొడుకును నేను మళ్లీ చూడలేదు. చూస్తే ఏం చెబుతానో ఆలోచించి పెట్టుకున్నాను గాని, అది ఆయనకు పనికొచ్చే మాట కాదు.

నాతో రాత్రి డ్యూటీ చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంది. ఆమె తండ్రికి జబ్బు చేస్తే, నాలుగు వారాలకు పోయి వస్తానని ఉన్నది ఉన్నట్టు రాసి, రెండుసార్లు తిరస్కారం పొందింది. తండ్రి పోయాడు, ఆమె ఫోనులో చూసింది. నేను జూలైలో పనికి తిరిగి వచ్చిన మొదటి రాత్రి, “అక్కా, నీకు ఎట్లా ఇచ్చారు?” అని అడిగింది. చెప్పాను. ఏమి రాశానో, ఎన్ని నెలలని రాశానో, చీటీ ఎవరిచ్చారో అంతా చెప్పాను. ఆమె విన్నది. “అంతేనా” అన్నది. తర్వాత గడియారం చూసి, మాత్రల బండి తోసుకుంటూ 4వ నంబరు గదిలోకి పోయింది.